మసిచుక్క గుడ్లు

అనగనగా, కొండ కింద జీడితోటల నడుమ ఒక ఊరుండేదమ్మా. ఆ ఊళ్ళో ఒక పారమ్మ, ఒక ఎర్నమ్మ. ఇద్దరి ఇళ్ళూ పక్కపక్కనే. ఇద్దరి పెరళ్ళకీ మధ్య ఒక తాటాకు దడి. ఆ దడిలో ఒక కంత. అది ఎప్పుడు పడిందో ఎవరికీ గుర్తులేదు. ఇద్దరూ దాన్ని పూడ్చలేదు సరికదా, మనిషి వంగి దూరేంత పెద్దది చేసుకున్నారు.

ఆ కంతలోంచి నిప్పు వెళ్ళేది, చింతపండు వచ్చేది. గిన్నెతో కూర వెళ్ళేది, అదే గిన్నెతో ఇంకో కూర వచ్చేది. పారమ్మకి ఒకసారి చలిజ్వరం వస్తే తొమ్మిది రోజులు ఆ కంతలోంచే జావ వచ్చింది.

ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు వదినా అనే పిలుచుకునేవాళ్ళు. వదినలన్నాక వేళాకోళం ఉంటుందిగా. పొద్దున్నే ఎర్నమ్మ కంతలో తల పెట్టి, "ఏం వదినా, రాత్రి నువ్వు పెట్టిన పులుసు తిని కూడా మా అన్నయ్య లేచాడా?" అని అడిగేది. పారమ్మ మొగుడు దాలయ్య అరుగు మీదనుంచి, "లేచానమ్మా, సగమే తిన్నాను" అనేవాడు.

పారమ్మ మంచిదే తల్లీ. కానీ మొండిది. అవునంటే అవునే, కాదంటే కాదే. పెళ్ళైన కొత్తలో దాలయ్య ఒకటి రెండుసార్లు ఎదురు చెప్పి చూశాడట. ఆ తర్వాత చుట్ట కాల్చడం నేర్చుకున్నాడు. పారమ్మ మాట మొదలుపెడితే ఆయన చుట్ట వెలిగించేవాడు.

పారమ్మకి ఒక మచ్చల పెట్ట ఉండేది. తెల్లటి ఒళ్ళు, ఒళ్ళంతా మిరియాలు చల్లినట్టు నల్లటి చుక్కలు. పారమ్మ కాపరానికి వచ్చేటప్పుడు వాళ్ళమ్మ గంపలో ఒక కోడిని పెట్టి పంపింది. ఆ కోడికి పిల్ల, ఆ పిల్లకి పిల్ల, అలా దిగుతూ దిగుతూ వచ్చిన పెట్ట ఇది. అమ్మ పోయింది. పుట్టింటి గోడలు కూడా పడిపోయాయి. పుట్టిల్లు అని చెప్పుకోడానికి పారమ్మకి మిగిలింది ఆ చుక్కలే.

ఆ పెట్టేమో ముసలిదైపోయింది. గుడ్లయితే పెట్టేది గానీ వాటిమీద కూర్చునేది కాదు. పెట్టి, అరిచి, దులుపుకుని పోయేది. పెట్టిన గుడ్లని ఎలకలు తినేసేవి. పారమ్మ మట్టిగూడు నిండా ఎలకలు. ఒక్క పిల్లన్నా లేకుండా ఈ పెట్ట పోతే ఇక ఆ మచ్చలు ఆ ఇంట్లో ఉండవు. పారమ్మకి అదే బెంగ.

అప్పుడు పారమ్మ ఏం చేసింది? తుమ్మకంప కొట్టించి గూడు చుట్టూ పేర్పించింది. ఎలకలు కంప కిందనుంచి హాయిగా నడిచిపోయాయి. ముళ్ళు మాత్రం దాలయ్య మడమలో దిగాయి.

ఆ తర్వాత పై వీధిలోంచి ఒక పిల్లిని తెచ్చింది. ఆ పిల్లి మొదటిరోజు అటక మీది ఎండుచేపలు తింది. రెండోరోజు పొయ్యిలో బూడిద మీద పడుకుంది. మూడోరోజు పై వీధికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత పారమ్మకి కోపం వచ్చింది. పగిలిన సీసాలన్నీ ఏరుకొచ్చి రోట్లో దంచింది. ఆ పెంకుల్ని సున్నంలో, మట్టిలో కలిపి గూటి గోడకున్న ప్రతి కన్నంలోనూ కూరింది. వేళ్ళు తెగాయి. అయినా ఆగలేదు. గోడంతా చేత్తో నున్నగా మెత్తింది. పది రోజులు చూసింది. ఒక్క ఎలక కనిపించలేదు.

దాలయ్య చుట్ట పక్కన పెట్టి, గూడు నేలమీద ఉన్నంతకాలం ఎలక కిందనుంచి రాదని చెప్పలేమనీ, నాలుగు రాళ్ళ మీదకి లేపితే మంచిదనీ అన్నాడు. పారమ్మ విననే లేదు. నా గూట్లోకి ఇక చీమ కూడా దూరదని వీధి వీధంతా చెప్పుకొచ్చింది.

అప్పుడే ఎర్నమ్మ నల్లపెట్ట పొదుగుకొచ్చింది. ఎర్నమ్మ కంతలోంచి వచ్చి, మచ్చల పెట్ట గుడ్లు దాని కింద పెడదామంది. తన పెరట్లో ముంగిస తిరుగుతోంది కాబట్టి నల్లపెట్టని పారమ్మ గూట్లోనే కూర్చోబెడదామంది. పారమ్మకి ఏనుగెక్కినంత సంబరమైంది.

వెదురుబుట్టలో ఊక పోశారు, ఊక మీద గడ్డి పరిచారు. ఉరుములకి గుడ్లు మురిగిపోకుండా ఒక ఇనపముక్క, ఒక బొగ్గు పెట్టారు. మచ్చల పెట్టవి ఏడు గుడ్లు, ఎర్నమ్మవి ఆరు. మొత్తం పదమూడు. ఒకసారి పెట్టాక ఆ బుట్టని ఇరవయ్యొక్క రోజుల దాకా కదపకూడదు. వాళ్ళ అమ్మలు అలాగే చెప్పారు, వాళ్ళ అమ్మమ్మలూ అలాగే చెప్పారు.

అయితే పారమ్మ తన ఏడు గుడ్లకీ గుర్తు పెడతానంది. ఎర్నమ్మ నవ్వి, పిల్లలు బయటికొస్తే చుక్కలే చెబుతాయిగా ఎవరివో, గుర్తెందుకంది. పారమ్మ కాదంటే కాదంది. ముందు బొగ్గుతో గీసింది. కోడి కింద నలిగి ఆ గీతలు రెండో రోజుకే మసకబారిపోయాయి. అప్పుడు పెనం అడుగున మసి గీకింది. ఆ మసిని నువ్వులనూనెలో రంగరించింది. నల్లపెట్ట మేతకి లేచిన సందు చూసి, తన గుడ్లు ఏడింటికీ తలా ఒక చుక్క పెట్టింది. కోడి కింద ఎంత నలిగినా చెరగని చుక్క.

నల్లపెట్ట మహా కోపిష్టిది. ఎర్నమ్మ తప్ప ఎవరు చెయ్యి పెట్టినా పొడిచేది. అందుకని రోజూ పొద్దున్నే ఎర్నమ్మ ఒడిలో నూకలు పోసుకుని కంతలోంచి వచ్చేది. కోడిని లేపి, నూకలేసి, నీళ్ళు పెట్టి, మళ్ళీ కూర్చోబెట్టేది. ఆ వేళలో పారమ్మ దూరంనుంచి గుడ్లు చూసుకునేది.

ఊ కొడుతున్నావా? సరే విను.

ఆరో రోజు చూస్తే పన్నెండే ఉన్నాయి. మసిచుక్కవి ఆరు, తెల్లవి ఆరు. పెంకు లేదు, తడి లేదు. పారమ్మ ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టింది. కోడే తిందేమో అనుకుంది.

ఎనిమిదో రోజు మసిచుక్కవి ఐదు. తెల్లవి ఆరూ ఉన్నాయి. పారమ్మ మెల్లిగా అడిగింది. ఎర్నమ్మ కూడా కంగారుపడింది. ఎలకేమో వదినా, బుట్ట ఒకసారి తీసి కింద చూద్దామా అంది. పారమ్మకి అక్కడ గుచ్చుకుంది. కదపకూడదని తెలిసిన మనిషి కదుపుదామంటుందేమిటి? నా గుడ్లు పాడు చేద్దామనా? పైగా ఎలకట. నా గూట్లోకి ఎలకెక్కడిది? ఎలకే వస్తే పెంకు వదలదా? ఎలకకి తెల్లగుడ్డు చేదా?

ఆ రోజు పారమ్మ గిన్నెతో కూర పంపలేదు. ఎర్నమ్మ పంపిన గిన్నె ఖాళీగా వెనక్కి వెళ్ళింది.

పదో రోజు మసిచుక్కవి నాలుగు. తెల్లవి ఆరూ ఉన్నాయి.

అప్పుడు పారమ్మ గూటి ముందు అడ్డంగా నిలబడింది. ఎర్నమ్మ కోడిని కూర్చోబెట్టి, మిగిలిన నూకలు ఒడిలోనే ఉంచుకుని లేచింది.

"వదినా, ఒకసారి ఒడి దులిపి వెళ్ళు" అంది పారమ్మ.

ఎర్నమ్మ ముందు నవ్వింది. వేళాకోళమనుకుంది. పారమ్మ మొహం చూశాక నవ్వు ఆగింది.

"నన్నేనా?"

"గూట్లో చెయ్యి పెట్టేది నువ్వొక్కదానివే. పోయినవన్నీ నావే, నీది ఒక్కటీ పోలేదు. నేనేమనుకోవాలో నువ్వే చెప్పు."

అరుగు మీదనుంచి దాలయ్య, వద్దే అన్నాడు. ఆయన మాట ఎప్పుడు విన్నది గనక?

ఎర్నమ్మ బొడ్లో దోపిన చెంగు లాగి ఒడి దులిపింది. నూకలు రాలాయి. నూకలు తప్ప ఏమీ రాలలేదు. మళ్ళీ ఒకసారి, పారమ్మకి బాగా కనబడేట్టు, చెంగు రెండు చేతులతో విప్పి పట్టుకుని దులిపింది. ఎక్కడెక్కడి కోళ్ళూ పరిగెత్తుకొచ్చి ఆ కాళ్ళ దగ్గర ఏరుకు తినడం మొదలుపెట్టాయి.

"నా కోడిని నేను తీసుకుపోవాలి వదినా" అంది ఎర్నమ్మ. "కానీ అది లేస్తే గుడ్లు చల్లబడతాయి. అందులో మీ అమ్మవి ఇంకా నాలుగున్నాయి. ఉండనీ. పిల్లలయ్యాక పంపించు."

అంతే అంది. పక్కనే ఉన్న కంతలోంచి వెళ్ళలేదు. ఇంటి చుట్టూ తిరిగి, వీధిలోంచి వెళ్ళింది.

ఆ తర్వాత రోజు నుంచీ కోడి పని పారమ్మ మీద పడింది. చెయ్యి పెడితే నల్లపెట్ట పొడిచేది. నూకలేస్తే పొడిచేది, నీళ్ళు పెడితే పొడిచేది. ముంజేతులు రెండూ రక్తాలు కారాయి. పారమ్మ గుడ్డ చుట్టుకుంది గానీ దడి అవతలికి ఒక్క మాట వేయలేదు. అవతల పొయ్యి ఊదుతున్న చప్పుడు వినిపించేది. దగ్గు వినిపించేది. కంతలోకి తల మాత్రం రాలేదు. దాలయ్య పులుసు తిని లేచాడా అని ఎవరూ అడగలేదు.

పన్నెండో రోజు పారమ్మ గుడ్లు చూసింది. మసిచుక్కవి మూడు.

గూట్లో తను తప్ప ఎవరూ చెయ్యి పెట్టలేదు. పారమ్మ అక్కడే, మట్టిలో చతికిలబడింది. అట్లా ఎంతసేపు కూర్చుందో. ఎండ గూటి మీదనుంచి దాటి అరుగెక్కింది.

ఆ తర్వాత లేచింది. కోడిని ఎత్తి గంప కింద పెట్టింది. గుడ్లన్నీ వెచ్చటి గుడ్డలో చుట్టి దాలయ్య ఒళ్ళో పెట్టింది. అమ్మలూ అమ్మమ్మలూ కదపొద్దన్న బుట్టని రెండు చేతులా పట్టుకుని లేపింది.

బుట్ట అడుగు కొరికేసి ఉంది. దాని కింద నేలలో కన్నం. గోడ జోలికి పోకుండా, సీసాపెంకుల జోలికి పోకుండా, గడ్డివాము దగ్గరనుంచి నేలలోపల తవ్వుకుంటూ వచ్చి సరిగ్గా బుట్ట కింద తేలింది ఎలక. కోడికి తెలియకుండా గడ్డిలోంచి గుడ్డుని కిందికి లాక్కుపోయింది. పారమ్మ కన్నంలో చెయ్యి పెట్టి తీసింది. పెంకులు. ఒక్కొక్క పెంకు మీదా ఒక్కొక్క నల్లచుక్క. చుక్క చుట్టూ పళ్ళగాట్లు.

దాలయ్య ఒక పెంకు తీసుకుని వాసన చూశాడు.

"నువ్వులనూనె" అన్నాడు. "ఏ గుడ్డు తినాలో ఎలకకి నువ్వే బొట్టుపెట్టి చెప్పావు."

ఆయన దెప్పడానికి అనలేదు తల్లీ. మెల్లిగానే అన్నాడు. పారమ్మకి మాత్రం ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. గుర్తు పెట్టకపోతే గుడ్లు పోయేవి కావేమో. ఒకవేళ పోయినా, ఎవరివి పోయాయో తెలిసేది కాదు. ఎర్నమ్మ చెప్పిన రోజున బుట్ట తీసి ఉంటే రెండు గుడ్లతో పోయేది.

మిగిలిన మూడు గుడ్ల మీది చుక్కల్ని పారమ్మ గోరువెచ్చటి నీళ్ళలో గుడ్డ ముంచి తుడిచింది. అప్పుడు ఆ గుడ్లు ఎర్నమ్మ గుడ్లలాగే ఉన్నాయి. ఏది ఎవరిదో తనకే తెలియలేదు. అన్నిటినీ వేరే బుట్టలో సర్ది మళ్ళీ నల్లపెట్టని కూర్చోబెట్టింది.

ఆ పూటే దాలయ్య నాలుగు రాతిగుంజలు పాతాడు. గుంజల మీద ఎలక ఎక్కకుండా, అడుగు తీసేసిన కుండల్ని తలకిందులుగా తొడిగాడు. కుండ అంచు దగ్గరికి వచ్చిన ఎలక జారి కింద పడాల్సిందే. గుంజల మీద బల్ల, బల్ల మీద కొత్త గూడు. గాలి ఆడేందుకు చిన్న చిన్న సందులు, చిటికెనవేలు కూడా పట్టనంతవి. పొద్దు గూకేలోపే నూకలన్నీ ఊడ్చి తీసెయ్యడం మొదలుపెట్టారు, గింజ మిగిలితే కదా ఎలక వచ్చేది. ఆ తర్వాత ఆ గూట్లోకి ఎప్పుడూ ఎలక ఎక్కలేదు.

ఇరవయ్యొకటో రోజు పెంకులు చిట్లాయి. ఆరు పిల్లలు. ఐదు నల్లవి. ఒక్కటి, ఒకే ఒక్కటి, తెల్లది. తడి ఆరాక దాని వీపు మీద మిరియపు గింజంత చుక్క కనిపించింది.

పారమ్మ గంపలో నల్లపెట్టనీ, ఆరు పిల్లల్నీ పెట్టుకుంది. కంత దాకా వెళ్ళింది. వెళ్ళి ఆగింది. ఇక అందులోంచి దూరే మొహం తనకి లేదనిపించింది. తనూ ఇంటి చుట్టూ తిరిగి, వీధిలోంచే వెళ్ళింది.

ఎర్నమ్మ పీట వేసింది. చెంబుతో నీళ్ళిచ్చింది. పారమ్మ నీళ్ళు పట్టుకుని, బుట్ట కింద కన్నం సంగతి చెప్పింది. పెంకుల సంగతి చెప్పింది. నువ్వులనూనె సంగతి కూడా చెప్పింది, దాచుకోలేదు. చెప్పి, "తప్పయిపోయింది వదినా" అంది. ఆ మాట ఆవిడ నోట రావడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

"పోనీలే వదినా. ఎలక చేసిన పనికి నువ్వేం చేస్తావు" అంది ఎర్నమ్మ.

మంచిమాటే. మెత్తగానే అంది. కానీ అంటున్నంతసేపూ పారమ్మ మొహం చూడలేదు, గంపలోని కోడినే చూసింది.

పారమ్మ ఆ మచ్చల పిల్లని కూడా నువ్వే ఉంచుకో అంది. ఎర్నమ్మ ఒప్పుకోలేదు. తల్లి దగ్గర పెరగాలి కాబట్టి ఇప్పటికి ఉండనీ, మీ అమ్మ పంపిన జాతి నాకెందుకు, పెద్దయ్యాక నీది నువ్వు తీసుకో అంది.

నాలుగు నెలలయ్యాక, పెట్టగా ఎదిగిన ఆ మచ్చల పిల్లని ఎర్నమ్మ చంకలో పెట్టుకుని తనే తెచ్చిచ్చింది. ఒళ్ళంతా చుక్కలతో మిసమిసలాడుతోంది. పారమ్మ దాన్ని చేతుల్లోకి తీసుకుంది. పుట్టిల్లు మళ్ళీ చేతికొచ్చింది. ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. కొత్త గూడు చూశారు. ఏదో మాట మీద ఎర్నమ్మ నవ్వింది కూడా. పారమ్మకి ప్రాణం లేచొచ్చింది. పోనీ, అంతా సర్దుకుందనుకుంది.

అప్పుడు ఎర్నమ్మ వెళ్ళొస్తానని లేచింది. గుమ్మం దగ్గర ఆగింది. బొడ్లో దోపిన చెంగు లాగి, ఒడి ఒకసారి దులిపింది. దులిపి వెళ్ళిపోయింది.

పారమ్మ కోడిని పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఆ తర్వాత ఎర్నమ్మ చాలాసార్లు వచ్చింది. పండగకి వచ్చింది, పబ్బానికి వచ్చింది. దాలయ్యకి జబ్బు చేస్తే జావ తెచ్చింది. కూర్చునేది, మాట్లాడేది, మునపటంత కాకపోయినా నవ్వేది. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఒడి దులిపేది. ఒక్కసారి కూడా మరిచిపోలేదు.

వద్దని చెప్పాలని పారమ్మ మొదటిసారి నోరు తెరిచింది. తెరిచి, మళ్ళీ రా వదినా అంది. ఎర్నమ్మ వెళ్ళిపోయింది.

రెండోసారి చెబుదామనుకుంది. అప్పుడు ఇంట్లో చుట్టాలున్నారు. పదిమందిలో ఆ మాటెత్తడానికి మొహం చెల్లలేదు.

మూడోసారి, అప్పటికి ఇద్దరి జుట్టూ తెల్లబడింది, పారమ్మ లేచి వెళ్ళి ఎర్నమ్మ చెయ్యి పట్టుకుంది.

"దులపకు వదినా. నీకు దండం పెడతాను, ఇంక దులపకు."

ఎర్నమ్మ తన చేతివంక చూసుకుంది. చేతిలో ఉన్న చెంగువంక చూసుకుంది. నిజంగానే ఆశ్చర్యపోయింది.

"దులిపానా?" అంది. "నాకు తెలియనే లేదు వదినా."

సాధించడానికి కాదు తల్లీ. పాపం, ఆవిడ మనసులో ఏమీ లేదు. చేతికే అలవాటైపోయింది.

మర్నాడు ఎర్నమ్మ మళ్ళీ వచ్చింది. ఇద్దరూ చింతపండు గింజలు తీసుకుంటూ పొద్దు వాలేదాకా కబుర్లు చెప్పుకున్నారు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఎర్నమ్మ చెయ్యి మళ్ళీ చెంగు మీదకి వెళ్ళింది. పారమ్మ చూసింది. చూసి, తల తిప్పుకుని, లేని నూకలు ఊడుస్తున్నట్టు వాకిలి ఊడ్చుకుంది.

అంతేనమ్మా. దుప్పటి కప్పుకో.

పొద్దు నడిచి కొండ వెనక్కి పోయింది,
పెట్ట నడిచి గూటి లోనికి పోయింది,
కథ నడిచి కంచి ఊరికి పోయింది,
కళ్ళు మూసి నువ్వూ నేనూ ఇంట్లోనే ఉందాం.